ఓటుకు తగ్గ సీటు: స్విట్జర్లాండ్‌ను మార్చేసిన 1919 ఎన్నికలు

1919 అక్టోబర్ 26, ఆదివారం. స్విట్జర్లాండ్‌లో పార్లమెంటు ఎన్నికలు. ఓటు హక్కు ఉన్నవారిలో 80 శాతానికి పైగా పోలింగ్‌కి వచ్చారు. ఫలితాలు వచ్చాక చూస్తే, 1848 నుంచి ఏడు దశాబ్దాల పాటు దేశాన్ని తన గుప్పిట్లో పెట్టుకున్న పార్టీకి మెజారిటీ పోయింది. మళ్లీ ఈ రోజు వరకూ అక్కడ ఏ ఒక్క పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు.

అంతకు ముందు ఎన్నికలు జరిగి రెండేళ్లే అయింది. ఆ రెండేళ్లలో జనం అంతగా మారిపోయారా? కొంత మారారు. కానీ అసలు మారింది ఓట్లు లెక్కపెట్టే పద్ధతి. ఓట్లను సీట్లుగా మార్చే లెక్క మారితే ఒక దేశ రాజకీయం ఎలా తిరగబడుతుందో చెప్పడానికి ఈ ఎన్నికల కంటే మంచి ఉదాహరణ దొరకదు. మైనారిటీలుగా బతికే ఎవరికైనా ఇది తెలుసుకోవాల్సిన కథే.

యుద్ధంతో మొదలైన దేశం

ఇప్పుడు స్విట్జర్లాండ్ అంటే మంచు కొండలు, వాచీలు, చాక్లెట్లు, బ్యాంకులు గుర్తొస్తాయి. కానీ ఆధునిక స్విట్జర్లాండ్ పుట్టింది ఒక అంతర్యుద్ధం నుంచి. అక్కడ రాష్ట్రాల్లాంటివాటిని కాంటన్లు అంటారు. 1847 నవంబర్‌లో ప్రొటెస్టంట్లు ఎక్కువగా ఉన్న లిబరల్ కాంటన్లకీ, ఏడు కేథలిక్ కాంటన్ల కూటమికీ మధ్య యుద్ధం జరిగింది. నెల రోజులు కూడా సాగలేదు. చనిపోయినవాళ్లు సుమారు వంద మంది. యూరప్ యుద్ధాలతో పోలిస్తే చిన్నదే, కానీ ఓడిపోయిన కేథలిక్కుల మనసులో ఆ గాయం చాలాకాలం ఉండిపోయింది.

గెలిచినవాళ్లు 1848లో కొత్త రాజ్యాంగం రాశారు. రెండు సభల పార్లమెంటు వచ్చింది. జనం నేరుగా ఎన్నుకునే సభ పేరు నేషనల్ కౌన్సిల్. ఆ గెలిచిన వర్గమే తర్వాత ఫ్రీ డెమోక్రటిక్ పార్టీ అయింది. వాళ్లను రాడికల్స్ అనేవాళ్లు. దేశాన్ని నడిపే మంత్రివర్గం పేరు ఫెడరల్ కౌన్సిల్, అందులో ఏడుగురే ఉంటారు. 1848 నుంచి 1891 దాకా ఆ ఏడు కుర్చీలూ రాడికల్స్ వర్గానివే. 1891లో జోసెఫ్ జెంప్ అనే కేథలిక్ నాయకుడికి మొదటిసారి ఒక కుర్చీ దక్కింది. అంటే ఓడినవాళ్లలో ఒక్కరిని లోపలికి రానివ్వడానికి 43 ఏళ్లు పట్టింది.

తిరకాసు ఎక్కడుంది?

ఎన్నికలు జరగలేదా అంటే, జరిగాయి. మగవాళ్లందరికీ ఓటు హక్కు కూడా ఉంది, ఆ కాలానికి అది చాలా ముందడుగు. తిరకాసంతా పద్ధతిలోనే ఉంది.

నియోజకవర్గాల్లో చాలావాటికి ఒక సీటు కాదు, కొన్ని సీట్లు కలిపి ఉండేవి. ఒక అభ్యర్థి గెలవాలంటే సగానికి మించి ఓట్లు రావాలి. రాకపోతే మళ్లీ పోలింగ్. దీనివల్ల ఒక నియోజకవర్గంలో 55 శాతం జనం ఒకవైపు ఉంటే, అక్కడి సీట్లన్నీ వాళ్లే పట్టుకుపోయేవాళ్లు. మిగతా 45 శాతం మంది ఓట్లు వేసీ వేయనట్టే. పైగా నియోజకవర్గాల గీతలు గీసేది అధికారంలో ఉన్న పార్టీయే. ప్రత్యర్థులకు బలమున్న ఊళ్లను ముక్కలు చేసి తమ బలమున్న ప్రాంతాల్లో కలిపేవాళ్లు.

1917 ఎన్నికల లెక్క చూస్తే విషయం అర్థమవుతుంది. నేషనల్ కౌన్సిల్‌లో మొత్తం సీట్లు 189. రాడికల్స్‌కి దాదాపు 40 శాతం ఓట్లు వస్తే, సీట్లు మాత్రం వందకు పైగా వచ్చాయి. కార్మికుల పార్టీ అయిన సోషల్ డెమోక్రాట్లకు దాదాపు 30 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు మాత్రం ఇరవైకి అటూ ఇటూ. ఓట్లలో తేడా పది శాతం, సీట్లలో తేడా ఐదు రెట్లు.

కేథలిక్ కన్జర్వేటివ్‌ల పరిస్థితి కాస్త వేరు. వాళ్ల జనం కొన్ని కాంటన్లలో గుంపుగా ఉంటారు కాబట్టి అక్కడ సీట్లు బాగానే వచ్చేవి. కానీ ప్రొటెస్టంట్లు ఎక్కువగా ఉన్న కాంటన్లలో చెదురుమదురుగా ఉన్న కేథలిక్కుల ఓటుకు విలువే లేదు. ఒకచోట కూడి ఉన్న మైనారిటీకి ఒక న్యాయం, చెల్లాచెదురుగా ఉన్న మైనారిటీకి ఇంకో న్యాయం.

తుపాకీ పేలాక కళ్లు తెరిచారు

ఈ అన్యాయం ఎక్కడికి దారి తీస్తుందో టిచీనో కాంటన్ చూపించింది. ఇటలీ సరిహద్దులో ఇటాలియన్ మాట్లాడే ప్రాంతం అది. 1889లో అక్కడి కాంటన్ ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లకూ లిబరల్స్‌కూ ఓట్లు దాదాపు సమానంగా వచ్చాయి. సీట్లు మాత్రం కన్జర్వేటివ్‌లకు 77, లిబరల్స్‌కు 35. ఇక్కడ దెబ్బతిన్నది లిబరల్స్ అన్నది గమనించాలి. పద్ధతి తప్పుగా ఉంటే ఈరోజు ఒకరికి, రేపు ఇంకొకరికి దెబ్బ.

1890 సెప్టెంబర్ 11న లిబరల్స్ ఆయుధాలతో తిరగబడ్డారు. కాంటన్ ప్రభుత్వంలో సభ్యుడు లుయీజీ రోస్సీని కాల్చి చంపారు. ఫెడరల్ సైన్యం వచ్చి పరిస్థితిని అదుపు చేసింది. ఆ తర్వాత పెద్దలు కూర్చుని ఆలోచించారు. ఎన్ని ఓట్లు వస్తే ఆ మేరకే సీట్లు ఇద్దాం, అప్పుడు కొట్టుకోవాల్సిన పని ఉండదు అనుకున్నారు. అలా టిచీనోలో దామాషా పద్ధతి వచ్చింది. వెంటనే న్యూషాటెల్, జెనీవా కాంటన్లు కూడా అదే బాట పట్టాయి.

మూడోసారి గెలిచిన మాట

దేశమంతటికీ ఈ పద్ధతి తేవాలంటే రాజ్యాంగం మార్చాలి. అధికారంలో ఉన్న పార్టీ తన చేత్తో తన కుర్చీ తీసేసుకోదు కదా. కానీ స్విట్జర్లాండ్‌లో 1891 నుంచి జనానికి ఒక హక్కు ఉంది. నిర్ణీత సంఖ్యలో సంతకాలు సేకరిస్తే, రాజ్యాంగంలో మార్పు కోసం దేశమంతా ఓటింగ్ పెట్టాల్సిందే. అది నెగ్గాలంటే రెండు షరతులు. దేశం మొత్తం మీద మెజారిటీ రావాలి, కాంటన్లలో కూడా మెజారిటీ రావాలి.

ఇక్కడే ఒక వింత పొత్తు కుదిరింది. చర్చినే నమ్ముకున్న కేథలిక్ కన్జర్వేటివ్‌లు, మతాన్ని పక్కన పెట్టమనే సోషలిస్టులు ఒకటయ్యారు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. కానీ పాత పద్ధతి ఇద్దరినీ తొక్కింది.

1900 నవంబర్‌లో మొదటిసారి ఓటింగ్ జరిగింది, ఓడిపోయారు. 1910 అక్టోబర్‌లో రెండోసారి. ఈసారి మెజారిటీ కాంటన్లు ఒప్పుకున్నాయి, కానీ దేశం మొత్తం ఓట్లలో 47 శాతం పైచిలుకు దగ్గర ఆగిపోయింది. మూడోసారి సంతకాలు 1913లోనే ఇచ్చేశారు. ఈలోపు మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడటంతో ఓటింగ్ వాయిదా పడింది. చివరికి 1918 అక్టోబర్ 13న జరిగింది. దాదాపు 67 శాతం మంది సరే అన్నారు. కాంటన్లలో కూడా అత్యధికం ఒప్పుకున్నాయి. ఇరవై ఏళ్ల పోరాటం మూడో ప్రయత్నంలో ఫలించింది.

ఆకలి, జ్వరం, సమ్మె

జనం మనసు ఎందుకు మారింది? యుద్ధంలో స్విట్జర్లాండ్ పాల్గొనలేదు. కానీ యుద్ధం దాని ఇంటికే వచ్చింది. తిండి గింజలు, బొగ్గు బయటి నుంచి రావడం తగ్గింది. ధరలు పెరిగాయి, జీతాలు పెరగలేదు. మగవాళ్లు నెలల తరబడి సరిహద్దు కాపలాలో ఉంటే, ఆ రోజులకు జీతం నష్టపోయిన కుటుంబాలకు సరైన పరిహారం కూడా లేదు. మరోవైపు యుద్ధంలో వ్యాపారం చేసుకుని లాభపడినవాళ్లు కళ్లముందే కనిపిస్తున్నారు. అంతలో స్పానిష్ ఫ్లూ వచ్చింది. 1918, 1919లలో ఆ చిన్న దేశంలోనే ఇరవై వేల మందికి పైగా చనిపోయారు.

ఓటింగ్‌లో దామాషా పద్ధతి గెలిచి నెల తిరగకముందే, 1918 నవంబర్ 12న దేశవ్యాప్త సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపేశారు. రైళ్లు ఆగిపోయాయి. రాబర్ట్ గ్రిమ్ నాయకత్వంలోని ఓల్టెన్ కమిటీ తొమ్మిది డిమాండ్లు పెట్టింది. అందులో మొదటిది జీతాల గురించి కాదు. దామాషా పద్ధతిలో వెంటనే కొత్తగా ఎన్నికలు పెట్టాలన్నది మొదటి డిమాండ్. రెండోది మహిళలకు ఓటు హక్కు. ఆ తర్వాతే వారానికి 48 గంటల పని, వృద్ధాప్య బీమా వగైరా. పార్లమెంటులో మన మాట వినేవాడు ఉంటే మిగతావి అవే వస్తాయని ఆ కార్మికులకు తెలుసు.

ప్రభుత్వం సైన్యాన్ని దించింది. సమ్మె నవంబర్ 14న విరమించారు. అదే రోజు గ్రెన్హెన్ అనే పట్టణంలో సైనికుల కాల్పుల్లో ముగ్గురు కార్మికులు చనిపోయారు. నాయకులపై కేసులు పెట్టారు, కొందరికి జైలు పడింది.

సమ్మె ఓడిపోయినట్టే కనిపించింది. కానీ మొదటి డిమాండ్ ఏడాదిలోపే నెరవేరింది. పాత సభకు ఇంకా గడువు ఉన్నా, దాన్ని ముందే ముగించి కొత్త పద్ధతిలో ఎన్నికలు పెట్టడానికి 1919 ఆగస్టు 10న మళ్లీ ప్రజల ఓటింగ్ జరిగింది. జనం ఒప్పుకున్నారు. అలా అక్టోబర్ 26 వచ్చింది.

సీట్లు ఎలా పంచుతారు?

కొత్త చట్టం ప్రకారం ప్రతి కాంటన్ ఒక నియోజకవర్గం. దాని జనాభాను బట్టి సీట్లు. కాంటన్‌కి ఎన్ని సీట్లుంటే ఓటరుకు అన్ని ఓట్లు. ప్రతి పార్టీ తన అభ్యర్థుల జాబితా ఇస్తుంది. ఓటరు ఆ జాబితాను ఉన్నది ఉన్నట్టు వేయొచ్చు. నచ్చని పేరు కొట్టేసి వేరే పార్టీ అభ్యర్థి పేరు రాయొచ్చు. బాగా నచ్చిన అభ్యర్థి పేరు రెండుసార్లు రాయొచ్చు. పార్టీకి ఎన్ని సీట్లు అనేది ఒక లెక్క. ఆ పార్టీలో ఎవరికి అనేది ఇంకో లెక్క. రెండూ ఓటరు చేతిలోనే.

పంపకానికి బాజెల్‌కు చెందిన భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఎడ్వర్డ్ హాగెన్‌బాఖ్ బిషాఫ్ తయారుచేసిన సూత్రం వాడారు. చూడటానికి పెద్ద పేరు, లెక్క మాత్రం భాగస్వాముల మధ్య లాభం పంచుకున్నంత తేలిక.

ఊహకు ఒక కాంటన్ అనుకుందాం. సీట్లు 10. అన్ని పార్టీలకూ కలిపి వచ్చిన ఓట్లు 1,10,000. మొదట సీట్ల సంఖ్యకు ఒకటి కలపాలి, 11. ఓట్లను దాంతో భాగిస్తే 10,000. దాని తర్వాతి సంఖ్య 10,001. ఇదే ఒక సీటు ధర అనుకోండి.

మొదటి పార్టీకి 48,000 ఓట్లు వచ్చాయి. ఆ ధరకు 4 సీట్లు. రెండో పార్టీకి 31,000, అంటే 3 సీట్లు. మూడో పార్టీకి 22,000, అంటే 2 సీట్లు. నాలుగో పార్టీకి 9,000, సీటు ధరకు చాలలేదు. మొత్తం 9 సీట్లు పంచారు, ఒకటి మిగిలింది.

మిగిలిన సీటు కోసం ప్రతి పార్టీ ఓట్లనూ, దానికి వచ్చిన సీట్లకు ఒకటి కలిపి భాగిస్తారు. మొదటి పార్టీకి 48,000ను 5తో భాగిస్తే 9,600. రెండోదానికి 7,750. మూడోదానికి 7,333. నాలుగోదానికి 9,000. ఎక్కువ వచ్చింది మొదటి పార్టీకి, కాబట్టి సీటు దానికే. చివరికి 5, 3, 2, 0.

పాత పద్ధతిలో అయితే మొదటి పార్టీ ఎవరో ఒకరిని కలుపుకుని పదికి పది ఎగరేసుకుపోయేది. ఇప్పుడు 31,000 మందికి 3, 22,000 మందికి 2. మరీ చిన్న పార్టీకి ఇక్కడా నష్టమే, అది కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఒకే సీటున్న చిన్న కాంటన్లలో దామాషాకు అవకాశమే లేదు, అక్కడ ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుస్తారు.

ఫలితం వచ్చింది

వందకు పైగా సీట్లున్న రాడికల్స్ 60కి పడిపోయారు. అయినా పెద్ద పార్టీ వాళ్లే, మెజారిటీ మాత్రం లేదు. సోషల్ డెమోక్రాట్లు దాదాపు రెట్టింపై 41కి చేరారు. కేథలిక్ కన్జర్వేటివ్‌లకు కూడా 41. అప్పుడే పుట్టుకొచ్చిన రైతుల పార్టీకి 30. మిగతావి చిన్న పార్టీలకు.

ఈ రైతుల పార్టీ కథ ఆసక్తికరం. అప్పటిదాకా రైతులు రాడికల్స్ గొడుగు కిందే ఉన్నారు. వేరుపడితే పాత పద్ధతిలో సీట్లు రావు. కొత్త పద్ధతి రాగానే మన ఓటుకు మన సీటు వస్తుందన్న ధైర్యంతో బయటికొచ్చారు. అలా దామాషా పద్ధతి ఉన్న బలాన్ని లెక్కపెట్టడమే కాదు, దాగి ఉన్న బలాన్ని కూడా బయటికి తెచ్చింది.

మరి సమ్మె చేసిన సోషలిస్టులకు అధికారం వచ్చిందా? రాలేదు. రాడికల్స్, తమ పాత శత్రువులైన కేథలిక్‌లతో చేతులు కలిపారు. 1919 డిసెంబర్‌లో కేథలిక్‌లకు మంత్రివర్గంలో రెండో కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీలో కూర్చున్నది జాన్ మారీ మ్యుజీ. 1929లో రైతుల పార్టీ నాయకుడు రుడాల్ఫ్ మింగెర్‌కు చోటు దొరికింది. సోషలిస్టులు 1943 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు మంత్రి అయిన ఎర్నెస్ట్ నోబ్స్ ఎవరో కాదు, 1918 సమ్మె కేసులో జైలు శిక్ష పడినవాళ్లలో ఒకరు. 1959లో నాలుగు పెద్ద పార్టీలూ ఏడు కుర్చీలను 2, 2, 2, 1గా పంచుకునే ఏర్పాటు కుదిరింది. దానికి పునాది 1919లో పడింది.

ఇన్ని పార్టీలుంటే ప్రభుత్వం కూలిపోదా అన్న అనుమానం రావొచ్చు. అక్కడ పార్లమెంటు ఏడుగురు మంత్రులను నాలుగేళ్లకు ఎన్నుకుంటుంది. మధ్యలో అవిశ్వాస తీర్మానం పెట్టి దించే పద్ధతి లేదు. అందుకే సభ ముక్కలైనా ప్రభుత్వం నిలబడుతుంది.

ఇంకా బయటే ఉన్నవాళ్లు

1919 ఎన్నికలను పూర్తి న్యాయం అనలేం. ఆ రోజు ఓటు వేసింది మగవాళ్లు మాత్రమే. సమ్మెలో రెండో డిమాండ్ అయిన మహిళల ఓటు హక్కు 1971 ఫిబ్రవరి 7న గానీ రాలేదు. అంటే మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికల్లోనే ఆడవాళ్లు ఓటు వేసిన దాదాపు ఇరవై ఏళ్లకు.

ఇంకో సంగతి కూడా ఉంది. దామాషా పద్ధతిని తెచ్చిన అదే సంతకాల హక్కు, రెండో వైపు పదునున్న కత్తి కూడా. ఆ హక్కుతో దేశంలో మొదటిసారి నెగ్గిన ప్రతిపాదన 1893 నాటిది. జంతువును ముందు స్పృహ తప్పించకుండా కోయకూడదన్నది దాని సారం. అప్పట్లో దెబ్బ తగిలింది యూదులకు. 2009 నవంబర్ 29న అదే దారిలో కొత్త మినార్లు కట్టకూడదన్న నిషేధం 57 శాతం పైగా ఓట్లతో నెగ్గింది. ప్రభుత్వం, పార్లమెంటు వద్దన్నా జనం వేశారు. ఆ ప్రచారంలో ముందున్న స్విస్ పీపుల్స్ పార్టీ, 1919లో 30 సీట్లు గెలుచుకున్న ఆ రైతుల పార్టీ వారసురాలే.

కాబట్టి సభలో సీటు రావడం వేరు, హక్కుకు రక్షణ ఉండటం వేరు. మొదటిదానికి దామాషా పద్ధతి సరిపోతుంది. రెండోదానికి మెజారిటీ చెయ్యి కూడా చేరలేని చట్టం కావాలి.

మన దగ్గర?

భారత రాజ్యాంగ సభలో ఈ చర్చ జరిగింది. 1949 జనవరిలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ లోక్‌సభకు దామాషా తరహా పద్ధతి పెట్టాలని సవరణ తెచ్చారు. డాక్టర్ అంబేద్కర్ ఒప్పుకోలేదు. అక్షరాస్యత తక్కువగా ఉన్న దేశంలో ఇది కష్టమని, సభ ముక్కలై ప్రభుత్వాలు నిలబడవని ఆయన వాదన. సవరణ వీగిపోయింది. రాజ్యసభకు ఎమ్మెల్యేలు వేసే ఓటులో మాత్రం ఒక రకం దామాషా పద్ధతి ఇప్పటికీ ఉంది.

ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో సీట్లు 175. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు వస్తే 23 సీట్లు వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు అదే 39 శాతం వస్తే 11. అచ్చంగా దామాషా లెక్క అయితే రెండుసార్లూ 68 దాకా రావాలి. ఏ పార్టీ అభిమాని అయినా ఒకసారి ఇటు, ఒకసారి అటు నష్టపోయాడు. టిచీనోలో లిబరల్స్‌కి, మిగతా దేశంలో కేథలిక్‌లకు జరిగినట్టే.

స్విట్జర్లాండ్‌లో ఆ లెక్క సరిచేయడానికి మూడుసార్లు దేశవ్యాప్త ఓటింగ్ పట్టింది. మొదటి రెండుసార్లు ఓడినవాళ్లు ఇంటికెళ్లి కూర్చోలేదు, మళ్లీ సంతకాల కాగితాలు పట్టుకుని గడప గడపకూ తిరిగారు.